శుభలేఖలు పోషించిన కంప్యూటరు

పాత కంప్యూటర్ల ముచ్చట ఎవరు మొదలుపెట్టినా దాదాపు ఒకే తీరున సాగుతుంది. నాన్న ఒకరోజు పెట్టె మోసుకొచ్చాడు, హాల్లో టీవీ పక్కన పెట్టాడు, ఆ వేసవి సెలవులన్నీ దాని ముందే అయిపోయాయి. 1982లో అమెరికాలో కామడోర్ 64, అదే ఏడు ఇంగ్లండులో జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చాయి. వాటిని టీవీకి తగిలించుకుని ఆడిన పిల్లలకు ఇప్పుడు యాభై దాటాయి, వాళ్లు ఆ మాటలు చెప్పుకుంటే అర్థముంది. హైదరాబాదులో, విజయవాడలో పెరిగినవాళ్లలో కొందరికీ ఆ భోగం దక్కింది. భద్రాచలంలో మాత్రం ఇంటి కంప్యూటరు అన్న ఘట్టమే దాదాపుగా లేదు. గోదావరి అవతల సారపాకలో, పేపరు మిల్లు కాలనీలో ఒకటీ అరా ఇళ్లలో ఉండేవేమో. ఊళ్లో ఉన్నది ఊరి కంప్యూటరు. అది షాపులో ఉండేది, గంటకింత అని అద్దెకు దొరికేది, ఆఫీసు అర్జీ మొదలుకొని ఉపనయనం పిలుపు దాకా అన్నీ దాని మీదే తయారయ్యేవి. ఆ షాపులు నడిపినవాళ్లలో నేనొకణ్ణి.

కంప్యూటరుకు ముందు నాది టైపు ఇన్‌స్టిట్యూట్. లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లలు వచ్చేవాళ్లు. ఐటీడీఏ, కోర్టు, అటవీశాఖ ఆఫీసులు ఉన్న ఊరు కాబట్టి జాబ్ టైపింగుకు ఎప్పుడూ లోటు లేదు. స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీసి ఇచ్చేవాళ్లం. స్కూళ్ల ప్రశ్నపత్రాలన్నీ అలా అచ్చయినవే, చేతికి సిరా అంటకుండా పరీక్ష రాసిన పిల్లాడు ఉండడు. 1996 నాటికి ఖమ్మంలో, కొత్తగూడెంలో డీటీపీ బోర్డులు వెలిశాయి. మనమూ పెట్టకపోతే టైపు మిషన్లు పాత ఇనప సామాన్లవాడికి వేసుకోవాల్సిందేనని తేలిపోయింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో విడిభాగాలు బిగించి ఇచ్చే చోట ఒక 486 చేయించాను. ఎనిమిది ఎంబీల ర్యామ్, ఐదొందల ఎంబీల పైచిలుకు హార్డ్‌డిస్కు, పద్నాలుగంగుళాల మానిటరు, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. రాత్రి రైలెక్కితే భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగాలి. యాత్రికులు ఇప్పటికీ మోసపోయేది అక్కడే. పేరు భద్రాచలం రోడ్డే గానీ ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో, రాములవారు ఇంకా నలభై కిలోమీటర్ల అవతల. పాల్వంచ మీదుగా బస్సులో మానిటరు ఒళ్లో పెట్టుకుని వచ్చాను. సీటు పక్కనున్న పెద్దాయన టీవీ అనుకుని, 'ఎంతకు పడింది బాబూ, కలరేనా?' అని అడిగాడు. కలరేనన్నాను. ధర చెబితే నమ్మలేదు.

పెట్టె తెచ్చినంత తేలిక కాదు దాన్ని బతికించడం. మా కరెంటు సాయంత్రాలు నూట డెబ్భై వోల్టులకు దిగి, అర్ధరాత్రి రెండొందల అరవైకి ఎక్కేది. స్టెబిలైజరు, యూపీఎస్ సరే, అసలు సంగతి ఎర్తింగులో ఉంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ మూడు దాటిందా, కీబోర్డు పిచ్చెక్కినట్టు అక్షరాలు తనంతట తనే కొట్టుకునేది, హార్డ్‌డిస్కులో బ్యాడ్ సెక్టార్లు పడేవి. షాపు వెనక గుంట తవ్వి, రాగి ప్లేటు దించి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పూడ్చాం. ఎండాకాలం ఆ గుంటలో రోజూ రెండు బిందెలు పోయాలి. 'తులసి కోటకైనా ఇన్ని నీళ్లు పొయ్యట్లేదు' అని మా ఆవిడ దెప్పేది. షాపు పిల్లలు కొత్తవాళ్లకు నేర్పే మొదటి పాఠం డాస్ కాదు, ఆ గుంట ఎక్కడుందో చూపించడం.

చెప్పులు బయట విడిచి లోపలికి రావాలన్న నియమం అన్ని ఊళ్లలో ఉన్నట్టే మా దగ్గరా ఉండేది. దుమ్ము సంగతి నిజమే గానీ, దానిలో కొంత భక్తి కూడా కలిసింది. దసరాకు కీబోర్డు మీద పసుపు కుంకుమ చల్లొద్దని బతిమాలుకోవలసి వచ్చేది.

ఇక అన్నం పెట్టింది శుభలేఖలు. ఈ మాట పాత కంప్యూటర్ల ముచ్చట్లలో ఎక్కడా వినపడదు, అందుకే కాస్త నిలబడి చెప్తాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వస్తే పొద్దున ఆరింటికి షట్టరు ఎత్తితే రాత్రి ఎప్పటికి దించుతామో తెలిసేది కాదు. పేజ్‌మేకర్ తెరవడం, అను ఫాంట్స్ కీబోర్డు ఎక్కించడం, పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, మధ్యలో సీతారాముల బొమ్మ. మా ఊరి కార్డులో ఆ బొమ్మ తప్ప ఇంకోటి నడవదు, వినాయకుడు కూడా ఒక మూలకు సర్దుకోవాల్సిందే. కొట్టడం పావుగంట పని. ప్రూఫు దిద్దడం ఒక పూట. కార్డుతోపాటు ఇంటిల్లిపాదీ వచ్చి మానిటరు చుట్టూ నిలబడేవాళ్లు. పెదనాన్న పేరు చిన్నాన్న పేరుకన్నా ఒక పాయింటు చిన్నగా పడిందని లేచిపోయిన సంబంధం లేదు గానీ, లేచిపోయిన బంధువులను చూశాను.

'ఇదేంటమ్మాయ్, మా బావగారి పేరు రెండో వరసకు పోయింది?'

'వరసలో పట్టలేదండీ, పేరు పెద్దది.'

'పట్టకపోతే అక్షరం తగ్గించు. ఆయన్ను కిందికి తోసేస్తావా?'

అక్షరం తగ్గిస్తే అందరిదీ తగ్గాలి. అందరిదీ తగ్గితే పెళ్లికూతురి పేరు మరీ పెద్దగా కనపడుతుంది. ఇలా అరపాయింటు, అరపాయింటు జరుపుతూ ఆ కుటుంబంలో ఎవరి మాట ఎంత చెల్లుతుందో మా ఆపరేటర్లు తెలుసుకునేవాళ్లు. చివరికి ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి స్క్రీన్ ప్రింటింగు వాళ్లకు పంపేవాళ్లం. సావనీర్లూ పుస్తకాలూ అయితే ఫ్లాపీలో వేసి విజయవాడ పంపాలి. ఒకే ఫైలును మూడు ఫ్లాపీల్లో కాపీ చేసి, మూడింటినీ వేర్వేరు సంచుల్లో పెట్టడం మా అలవాటు. 1.44 ఎంబీల ఆ చిన్న బిళ్ల బస్సులో ఎండకు, స్పీకరులోని అయస్కాంతానికి, ఊరికే దాని బుద్ధికి కూడా చెడేది. మూడూ బాగున్నా ఇంకో గండం. అటువైపు ప్రెస్సులో అదే ఫాంటు లేకపోతే మన తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలూ, నక్షత్రాలూ, కొక్కేలూ కలిసిన రొట్టగా తెరమీద పరుచుకునేది. ఫాంటును ఫ్లాపీలో వేసి పంపుదామంటే కొన్ని ప్యాకేజీలకు ప్రింటరు పోర్టుకు తగిలించే తాళం ఉండేది, ఆ తాళం ఊడదీసి పంపితే మన షాపు ఆగిపోతుంది. అప్పటి తెలుగు అక్షరం ఏ ఫాంటువాడి దగ్గర పుట్టిందో వాడి గుమ్మం దాటేది కాదు.

ముహూర్తాలు లేని ఆషాఢంలో ఆ 486 ఆటలకు ఖాళీ అయ్యేది.

డేవ్ గురించి చెప్పకుండా ముందుకు పోతే మా ఊరి వాళ్లు నన్ను ఊరుకోరు. జాన్ రొమేరో చేసిన 'డేంజరస్ డేవ్' పది లెవెళ్ల చిన్న ఆట. ఎర్రటోపీ మనిషి రత్నాలు ఏరుకుంటూ, బంగారు కప్పు అందుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. కప్పు దొరకగానే తెర అడుగున 'గో త్రూ ది డోర్' అని పడుతుంది. ఇంగ్లీషు రాని పిల్లలు కూడా ఆ వాక్యాన్ని ఒకే గొంతుతో అరిచేవాళ్లు. ఇంట్లో పెట్టె ఉన్న పిల్లవాడు దాన్ని ఒంటరిగా ఆడుకుని ఉంటాడు. మా దగ్గర ఆడేవాడు ఒకడు, సలహాదారులు ఎనిమిది మంది. డబ్బులిచ్చినవాడు కుర్చీలో, మిగతావాళ్లు వాడి భుజాల మీద. నిప్పులో పడితే కూర్చున్నవాడి తప్పు, దాటితే నిలబడ్డవాళ్ల గొప్ప.

డాస్ కోర్సుకు వచ్చే పిల్లలు డీఐఆర్, సీడీ కమాండ్లు ఒక్క పూటలో నేర్చుకోవడం చూసి మొదట్లో నా బోధన గొప్పదనుకున్నాను. వాళ్ల ఆరాటమంతా ఆటల డైరెక్టరీ దాకా చేరడానికి. నేను ఆట్రిబ్ కమాండుతో దాన్ని దాచేశాను. వారం తిరక్కుండా సారపాక నుంచి సైకిలు మీద వచ్చే ఒక కుర్రాడు డీఐఆర్ పక్కన స్లాష్ ఏహెచ్ కొట్టి దాచినవన్నీ బయటికి లాగాడు. ఎక్కడ నేర్చావురా అంటే, 'హెల్ప్ కొట్టి చదివాను సార్' అన్నాడు. తెలుగు మీడియం పిల్లాడు, డిక్షనరీ పక్కన పెట్టుకుని డాస్ హెల్ప్ చదివాడు. నేను పాఠం చెప్పి ఉంటే అది వాడికి నెల రోజుల్లో కూడా వచ్చేది కాదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా వేరే సరుకు. జోర్డన్ మెక్‌నర్ 1989లో చేసిన ఆట, గంటలో రాకుమారిని విడిపించాలి. మా గంట అద్దె, దాని గంట గడువు సరిగ్గా సరిపోయేవి గనక బేరం విషయంలో పేచీ ఉండేది కాదు. తమ్ముణ్ణి పరుగెత్తించి వీడియో తీసి, ఆ కదలికలను ఫ్రేము ఫ్రేముగా దిద్ది బొమ్మ చేశాడట ఆయన. ఆ సంగతి మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు తెలిసిందల్లా, ఆ మనిషి ఆగేటప్పుడు నిజం మనిషిలా కాలు జారి ఆగుతాడని. డాస్ ప్రాంప్టు దగ్గర ప్రిన్స్ అని కొట్టి, ఖాళీ వదిలి, మెగాహిట్ అని కొడితే దొంగదారి తెరుచుకునేది. షిఫ్టు పట్టుకుని ఎల్ నొక్కితే ఇక లెవెల్ తర్వాత లెవెల్. సినిమా పోస్టర్ల పుణ్యమా అని ఆ మాట స్పెల్లింగు మా ఊళ్లో ఏ పిల్లాడూ తప్పు కొట్టలేదు.

విండోస్ 95 మా దాకా వచ్చాక ఇంకో మూడు పెట్టెలు చేర్చాను, వాటిని కోయాక్సియల్ వైరుతో కలిపాను. ఆ వైరుకు రెండు కొసల్లో యాభై ఓముల టెర్మినేటర్లు, ప్రతి పెట్టె దగ్గర ఒక టీ కనెక్టరు. ఏ ఒక్కటి వదులైనా మొత్తం నెట్‌వర్కు పడిపోయేది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఓడిపోతున్నవాడు బల్ల కింద కాలితో ఆ వైరును మెల్లగా తన్నడం ఒక విద్య. కనిపెట్టడం నా విద్య.

ఇంటర్నెట్ మన దేశంలో జనానికి అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ చేతుల మీదుగా. మా దాకా రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. మొదట్లో ఎస్టీడీ కాలు చేసి పట్టుకోవలసిందే. అందుకని రాత్రి పొద్దుపోయి ఎస్టీడీ రేటు పావుకు దిగాక మోడెం ఆన్ చేసేవాణ్ణి. బీఎస్ఎన్ఎల్ సంచార్‌నెట్ వచ్చి 172233 కొడితే లోకల్ కాలుకే కలిసే రోజు వచ్చాకగానీ షాపు బోర్డు మీద ఇంటర్నెట్ అని ధైర్యంగా రాయించలేదు.

ఆ మోడెం కూత ఇప్పుడు చాలామందికి ఫోన్లలో పెట్టుకునే సరదా. మాకది పనిముట్టు. మొదటి రెండు కీచులూ సరిగ్గా పడి, ఆ తర్వాతి బుస పొడిగా ఉంటే ముప్పైమూడు వేలకు కలుస్తుంది. బుసలో గరగర ఉంటే పద్నాలుగు వేలకు పడిపోతుంది, అప్పుడే పెట్టేసి మళ్లీ కొట్టడం మేలు. వాన కురిసిన మర్నాడు వీధి చివర కేబుల్ పెట్టెలో చెమ్మ చేరి ఎలాగూ గరగరే. ఆ లైనే మా షాపు ఎస్టీడీ బూత్‌కు కూడా. బూత్ తలుపు తీసి ఎవరైనా రిసీవరు ఎత్తారా, ఇవతల తెరమీద పేజీ సగంలో బిగుసుకుపోయేది. 'పెట్టెయ్యండి, పెట్టెయ్యండి!' అని లోపలి నుంచి నలుగురూ ఒక్కసారి అరిచేవాళ్లు. పాపం, చర్లలో ఉన్న చెల్లెలితో మాట్లాడదామని వచ్చిన మనిషి బెదిరిపోయేది.

వేగం సంగతి ఇప్పటి పిల్లలకు లెక్క కట్టి చెప్తే తప్ప ఎక్కదు. సెకనుకు మూడు కిలోబైట్లు వస్తే అది మంచి రోజు. నాలుగు ఎంబీల పాట దిగడానికి ఇరవై నిమిషాల పైన. పద్దెనిమిదో నిమిషంలో లైను తెగితే మొదటికి. అందుకే మా దగ్గర కుర్రాళ్లు పాటల కోసం నెట్‌కు రాలేదు, సీడీలు కొనుక్కున్నారు. నెట్‌కు వచ్చింది యాహూ చాట్‌కు. ఊరు పేరు అడిగితే హైదరాబాద్ అనే చెప్పేవాళ్లు, ఒక్కడు కూడా భద్రాచలమని కొట్టగా చూడలేదు.

నిజంగా ఇంటర్నెట్ అవసరమై వచ్చినవాళ్లు అమ్మలు. 2000 సంవత్సరం సంధికాలంలో ఆ వైటూకే పనుల పుణ్యాన చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కొందరు అమెరికా వెళ్లారు. ఫోను చేస్తే నిమిషానికి బోలెడు డబ్బు, ఉత్తరం వేస్తే పదిహేను రోజులు. సబీర్ భాటియా వాళ్లు పెట్టిన హాట్‌మెయిల్ ఉచితం. కొడుకు అక్కడి నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాడు, ఇక్కడ తల్లికి ఇంగ్లీషు అక్షరం రాదు, నాకు ఆ తెలుగు కూడబలుక్కుంటే గానీ అర్థమయ్యేది కాదు. ఒకావిడ బుధవారం బుధవారం వచ్చేది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోదు, మానిటరు వెనక గోడకు ఆనుకుని నిలబడి నా మొహం చూసేది, తెర వైపు చూసేదే కాదు.

'అమ్మా, ఇక్కడ చలి బాగా ఉంది, కోటు కొనుక్కున్నాను అంటున్నాడు.'

'దగ్గు తగ్గిందా?'

'దగ్గు సంగతి రాయలేదమ్మా.'

'రాయలేదంటే తగ్గలేదన్నమాట. అడుగు బాబూ. మిరియాల పాలు తాగమను. మిరియాలు దొరుకుతాయా అని కూడా అడుగు.'

నేను కొట్టేవాణ్ణి, మిరియాలు ఇంగ్లీషు అక్షరాల్లో. ఆవిడ చెప్పిందంతా షాపులో పది మందికీ వినపడేది. తర్వాతి వారం జవాబు రాగానే డేవ్ ఆడుతున్న పిల్లలు కూడా ఆట ఆపి, 'దగ్గు తగ్గిందా సార్?' అని అడిగేవాళ్లు. గుట్టు అన్నది అందులో లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు కూడా. శ్రీరామనవమి దగ్గర పడుతుంటే ఇలాంటి మెయిళ్ల అడుగున గోత్రనామాలు వచ్చేవి. డాట్ మ్యాట్రిక్స్ మీద ముద్రించి చించి ఇస్తే, ఆ కాగితం పట్టుకుని గుడికి వెళ్లి అర్చన చేయించి తలంబ్రాలు తెచ్చుకునేవాళ్లు.

రిజల్ట్స్ రోజుల్లో షాపు జాతరే. అంతకుముందు పేపర్లో పాసైన నంబర్లు పడేవి, తొలి బస్సుకు వచ్చే కట్ట కోసం బస్టాండులో కాపు కాసేవాళ్లు. నెట్ వచ్చాక ఫలితం విడుదలైన గంటలోనే తెలియాలన్న ఆత్రం మొదలైంది, ఆ గంటలోనే సైటు మొరాయించేది. పొడుగాటి పుస్తకంలో హాల్‌టికెట్ నంబర్లు వచ్చిన వరసన రాసుకుని, ఒక్కొక్కటే కొడుతూ కూర్చోవడమే. పదో పరక రూపాయలు ఇచ్చేవాళ్లు, ఇవ్వనివాళ్లను అడిగింది లేదు. పాసైతే మార్కులు పైకి చదివేవాణ్ణి. తప్పితే చదివేవాణ్ణి కాదు, కాగితం మడిచి చేతికిచ్చేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ మడతే ఫలితమైపోయింది, నేను కాగితం మడవగానే వెనకున్నవాళ్లకు తెలిసిపోయేది. ఆ పద్ధతీ మానేసి అందరికీ మడిచే ఇచ్చాను.

చర్ల, దుమ్ముగూడెం హాస్టళ్లలో చదివే కోయ పిల్లలు ఆ రోజు రాలేరు. బస్సు చార్జీ ఒకటి, వచ్చాక ఏం తెలుస్తుందోనన్న బెరుకు ఒకటి. వాళ్ల నంబర్ల చీటీ పొద్దున బస్సు కండక్టరు తెచ్చి ఇచ్చేవాడు. అదే బస్సు మళ్లీ వెళ్లేటప్పుడు ప్రింటు తీసిన కాగితాలు తీసుకుపోయేవాడు. చీటీలో అరవై నంబర్లు ఉంటే అరవైకీ ఒకటే పెన్ను, ఒకటే దస్తూరి, బహుశా వార్డెన్‌ది. సైటు పనిచేయక సాయంత్రం బస్సు అందకపోతే ఆ రాత్రంతా అడవిలో ఎన్ని ఇళ్లలో ఎదురుచూపులో అని నాకు కుదురుండేది కాదు. టికెట్ల సంచీలో కాగితాలు పెట్టుకుని పోయే ఆ కండక్టర్లను తీసేసి మా ఏజెన్సీ ఇంటర్నెట్ కథ చెప్పడం నాకు కుదరదు. ఆఖరి యాభై, అరవై కిలోమీటర్లు అది వాళ్ల బస్సులోనే నడిచింది.

వైరస్‌ల ముచ్చట క్లుప్తంగా. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ వైరస్ హార్డ్‌డిస్కులను తుడిచేసింది, కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌ను కూడా. దానికి మందు ఖరీదు, మా చిట్కా ఉచితం. 25 సాయంత్రమే గడియారంలో తేదీని 27కు జరిపేయడం. ఆ మర్నాడు కొట్టిన శుభలేఖ ఫైళ్లన్నింటికీ ఎల్లుండి తేదీలు పడ్డాయి.

గోదావరి మాత్రం తేదీ మారిస్తే ఊరుకోదు. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పుడు ఊళ్లో కంప్యూటర్లు లేవు, తడిసినవి బియ్యం బస్తాలు. ఆ తర్వాత కరకట్ట వచ్చినా మా భయం పూర్తిగా పోలేదు, వరదొస్తే స్లూయిస్‌ల వైపు నుంచి నీళ్లు ఊళ్లోకి తన్నేవి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కు మూడోది. మొదటిదానికి మేం యూపీఎస్ బ్యాటరీలు బల్లమీదకు ఎక్కించేవాళ్లం, రెండోదానికి సీపీయూలు మేడ మీదికి. మానిటర్లు బరువు, అవి చివర్న. ఫ్లాపీల పెట్టె మాత్రం అన్నిటికన్నా ముందు ఇంటికి పోయేది. పెట్టె పోతే కొనుక్కోవచ్చు, వైశాఖం పెళ్లిళ్ల మ్యాటరంతా అందులో ఉంది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నాటికి మోయాల్సినవి తేలికైపోయాయి. రెండు ల్యాప్‌టాప్‌లు సంచీలో వేసుకుని గట్టెక్కాను.

తర్వాతి కథ అన్ని ఊళ్లదీ ఒకటే, నాకు దానిమీద పెద్ద మక్కువ లేదు. 2005 నుంచి బ్రాడ్‌బ్యాండ్, ఆర్కుట్, వెబ్ కెమెరాలు. 2011లో సైబర్ కేఫ్ నిబంధనలు వచ్చి, గదుల అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు మించకూడదన్నారు, రిజిస్టరు ఏడాది దాచమన్నారు. మా దగ్గర అడ్డుగోడలే లేవు. అడవి సరిహద్దు ఊరు కాబట్టి ఎవరొచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు అన్న పుస్తకం అంతకు చాలా ముందు నుంచే రాస్తున్నాం. తర్వాత 2016లో జియో. కుర్రాళ్లు రావడం ఆగింది.

షాపు మాత్రం ఆగలేదు, దానికి విచిత్రమైన కారణం ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయి, చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. దుమ్ముగూడెం రోడ్డు పట్టుకుంటే కాసేపటికే యటపాక, అది వేరే రాష్ట్రం. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం అన్నీ అటే. జనం మాత్రం అలవాటు కొద్దీ మా దగ్గరికే వస్తారు. ఒక బల్ల మీద రెండు రాష్ట్రాల పోర్టళ్లు. దరఖాస్తు ఫారంలో జిల్లా ఎంచుకోమంటే, 'మా ఊరు ఇప్పుడెక్కడుంది సారూ?' అని నన్నే అడిగేవాళ్లు. అటు వెళ్లిన ఆ పల్లెల జిల్లా పేరు కూడా తర్వాత మళ్లీ మారింది.

పాత రోజుల గురించి నేను ఇంతసేపు చెప్పినదాంట్లో ఆడుకున్నవాళ్లందరూ మగపిల్లలని మీరు గమనించే ఉంటారు. ఆడపిల్లలు రిజల్ట్స్‌కు అన్నతోనో నాన్నతోనో వచ్చి, కాగితం తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లకే అని బోర్డు పెడితే ఎవరూ రాలేదు. అలాగని షాపులో ఆడవాళ్లు లేరా అంటే, షాపు నడిచిందే వాళ్ల చేతుల మీద. టైపు ఇన్‌స్టిట్యూట్ నాటి నుంచీ నా దగ్గర పనిచేసిన ఆపరేటర్లు దాదాపు అందరూ ఆడపిల్లలే. అను కీబోర్డు వాళ్ల వేళ్లలో ఉండేది. ఏ ఒత్తు ఏ మీటతో వస్తుందో నోటితో చెప్పమంటే చెప్పలేరు, చెయ్యి బల్లమీద పెట్టి ఆడించి చూసుకుని చెప్పేవాళ్లు. కుర్రాళ్లు గంటకు పది రూపాయలిచ్చి ఆడుకున్న పెట్టె ఈఎంఐ కట్టింది వాళ్లు కొట్టిన కార్డులు. పాత కంప్యూటర్ల మీద మమకారంతో ఎవరైనా రాస్తే అది ఆడుకున్నవాళ్ల రాతే అవుతుంది, నాది కూడా చాలావరకు అంతే.

అప్పటి ఆపరేటర్లలో ఒకామె ఇప్పుడు పక్క మండలంలో మీసేవ కేంద్రం చూసుకుంటోంది. మొన్న ఏదో పని మీద వస్తే, ఆ రోజులు భలే ఉండేవి కదమ్మా, అన్నాను.

'భలేనా? మీకు ఉండేవేమో సార్. వైశాఖంలో కార్డులు పడితే ఆఖరి బస్సు దాటిపోయేది, మా నాన్న సైకిలేసుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆ కుర్చీకి వీపు ఆన్చే చెక్క కూడా లేదు.'

'డేవ్ ఎప్పుడూ ఆడలేదా?'

'ఎప్పుడు ఆడాలి? వాళ్లు లేస్తేనే కదా నాకు సిస్టం. అవునుగానీ, మా మరిది పెళ్లికార్డు మ్యాటరు పాత అను ఫైల్లో ఉంది, పేర్లన్నీ అవే, యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. ఒత్తులు ఎగిరిపోతాయి, ఒకసారి చూసుకోండి. సాయంత్రానికి కావాలి.'